ఎనిమిదుల జత, చుక్కల మేక

ఈ మధ్య మా అరుగు మీద చేరే కుర్రవాళ్ళు పేకాటంతా అదృష్టమని తేల్చేస్తున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముక్కలు పడడం అదృష్టమే, ఒప్పుకుంటాను. పడిన ముక్కలతో ఏం చెయ్యాలన్నది మాత్రం బుద్ధికి సంబంధించిన సంగతి. అది నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. బడి గోడలు నేను బయటివైపు నుంచే చూశాను. మార్కాపురంలో పలకల షెడ్డులో చెక్క చట్రాలు బిగిస్తూ, ఆ పలకల మీదే అక్షరాలు దిద్దుకుని, తుడిచి, కొత్తవని పంపించినవాణ్ణి.

గొప్ప ముక్కలు వస్తే ఎవడైనా పందెం కాస్తాడు. చెత్త వస్తే ఎవడైనా పారేస్తాడు. చిక్కంతా నడిమి రకం ముక్కలతోనే. ఆ చిక్కు నాకు విడిపోయింది అర్ధవీడు పక్కన, మా అత్తగారి ఊళ్ళో.

మదరాసు రాష్ట్రంలో మేము కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. కొత్తల్లుడు అలిగి, గోడవైపు తిరిగి పడుకుని, అడిగింది ఇచ్చేదాకా అన్నం ముట్టడని అందరికీ తెలుసు. మేకలూ గొర్రెలూ మేపే మా అత్తగారింట్లో అలకకు విలువ లేదు. అన్నం వద్దంటే కుక్కకు పెట్టేసేవాళ్ళు. అల్లుడికి ఏదైనా కావాలంటే ఇంటివాళ్ళతో మూడు ముక్కలాట ఆడి గెలుచుకోవాలి. ఓడితే మళ్ళీ వచ్చినప్పుడే అడగాలి. ఇదీ ఆ ఇంటి ఆచారం.

ఏం అడగాలో మా ఆవిడ ముందే చెప్పేసింది.

"వాచీ గీచీ అన్నారంటే చూడండి. నా చుక్కల మేకను అడగండి. తల్లి సచ్చిపోతే గుడ్డ తడిపి పాలు పట్టినా దానికి. అది లేకుండా నేను మార్కాపురం రాను."

చెప్పి, నిజంగానే పెట్టె సర్దడం ఆపేసింది.

పందిట్లో చాప పరిచారు. ఆడేది నేనూ, మా మామా, మామ తల్లీ. ఆమెను ఇంట్లో అందరూ జేజి అనేవారు. తలా ఒక దోసెడు పలక పెంకులు. అవి నేను షెడ్డు నుంచి మూటగట్టుకుని తెచ్చినవే. ప్రతి ఆటకూ మొదట తలా ఒక పెంకు నడుమ వెయ్యాలి. తర్వాత వంతు వచ్చినప్పుడల్లా ఇంకో పెంకు వెయ్యాలి, లేదా ముక్కలు పారెయ్యాలి. ఇద్దరే మిగిలితే, పెంకు వేసి "దించు" అనొచ్చు, అప్పుడు ముక్కలు చూపించుకోవాలి. ఎంత గొప్ప ముక్కలైనా ఒక దఫాకు ఒక్క పెంకే. కుప్ప తోసి ఎదుటివాణ్ణి బెదిరించడం కుదరదు. పెంకులు అయిపోయినవాడు లేచిపోవాలి.

మొదట్లోనే నాకు ఆరుల జత పడింది. సంబరపడి పెంకు మీద పెంకు వేశాను. జేజి ఆ ఆటకు వక్క దంచుకుంటూ కూర్చుంది. మామ మాత్రం పెంకుకు పెంకు వేస్తూ వచ్చాడు, వచ్చాడు, చివరికి రాణుల జత చూపించాడు. ఇంకోసారి, జేజి ఆకుల కోసం లేచి వెళ్ళినప్పుడు, నాకు ఏడుల జత. నేను ఒక్క పెంకు వెయ్యగానే మామ పారేశాడు, నాకు దక్కింది నడుమ మొదట వేసిన పెంకులే.

మజ్జిగ ఇచ్చే మిషతో మా ఆవిడ నా పక్కన వంగింది.

"మా నాయన వాన పడందే ఇత్తనం ఎయ్యడు. మంచి ముక్కలుంటేనే వస్తాడు. జేజి అట్ల కాదు. కుంటి మేకపిల్లనైనా కొండ మీద ఇడిసిపెట్టి రాని మనిషి. ముక్కలు పారేయడం ఆమెకు చేతగాదు."

"ఏందే ఆ గుసగుస? మజ్జిగలో ఉప్పు చాల్లేదా?" అంది జేజి.

ఆ గుక్కతో నాకు లోకం తెల్లారింది. నడిమి ముక్కలు పట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చోకూడదు. నేను పెంకు వేస్తే నాకంటే తక్కువున్న మనిషి వస్తుందా, ఎక్కువున్న మనిషే వస్తాడా? అదొక్కటే ప్రశ్న. మామ మీద నడిమి ముక్కలతో కాయడం దండగ. తక్కువుంటే పారేస్తాడు, ఎక్కువుంటే బాదుతాడు. అదే జత జేజి మీదైతే కాయాల్సిందే.

అట్లాగే ఆడాను. మామ వాన కోసం చూసి చూసి, నడుమ వేసే పెంకులతోనే ఎండిపోయి లేచాడు. జేజి జత లేకుండా ఒట్టి రాజుతో వచ్చింది, ఒట్టి పదితో వచ్చింది. పిలిచిన ప్రతిసారీ వచ్చింది. మొదట్లో తరిగిన నా కుప్ప పెరిగి, జేజి కుప్పకు దీటైంది. మా ఆవిడ పెట్టె సర్దడం మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడు పడింది ఎనిమిదుల జత.

నేనొక పెంకు, జేజి ఒక పెంకు. నేనొకటి, ఆమె ఒకటి. మా బావమరిది వెనక నిలబడి నా ముక్కలు చూస్తున్నాడు.

"బావా, దించమను. ఎనిమిదులకు ఇంత తెగింపేంది?"

"నువ్వు నోరు మూసుకో" అన్నాను.

మూడు ముక్కల్లో జత పడడమే అరుదు. ఎనిమిదులకు పైజత పడడం ఇంకా అరుదు. ఎదురుగా ఉన్నది పారేయడం చేతగాని మనిషి. నేనెందుకు దించమనాలి? వేశాను. ఆమె వేసింది. నా కుప్ప పల్చబడింది. ఆఖరి పెంకు వేసి "దించు జేజీ" అన్నాను.

జేజి తీరిగ్గా ఒక్కో ముక్కా పరిచింది. తొమ్మిది. నాలుగు. తొమ్మిది.

"మళ్ళీ రా అబ్బయ్యా, మేక యాడికీ పోదులే" అంది.

అందరూ నా మీద పడ్డారు. మధ్యలో దించమని ఉంటే సగం కుప్ప మిగిలేదట! ఓడాక అందరికీ తెలివి వస్తుంది. మా ఆవిడ సర్దిన పెట్టె విప్పేసింది. నేనొక్కణ్ణే కొండదారిన కంభం నడిచి, అక్కడ బండి పట్టుకుని ఇల్లు చేరాను. దారి పొడుగునా లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

పంటలయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి మామ తొందరగానే ఎండిపోయాడు. జేజి ఎదురుగా నాకు పడింది నాలుగుల జత. బావమరిది తల పట్టుకున్నాడు. నేను అదే ఆట ఆడాను, ఒక్క పెంకు కూడా వెనక్కి తగ్గకుండా. జేజి తన ఆఖరి పెంకు దాకా వచ్చి ముక్కలు పరిచింది. ఒట్టి రాజు.

"పారేయొచ్చు కదా జేజీ?" అన్నాను.

"దాన్నొక్కదాన్నే ఎట్ల ఇడిసిపెట్టేదిరా?" అంది, రాజును వేలితో నిమురుతూ.

మేం మార్కాపురం బయల్దేరాం. ముందు మా ఆవిడ, వెనక చుక్కల మేక, దాని వెనక రెండు పిల్లలు. నేను ఓడి వెళ్ళిన తర్వాత అది ఈనింది.

"చూసినారా?" అంది మా ఆవిడ. "అప్పుడే గెలిచింటే ఒక్క మేకే వచ్చేది. ఓడిందే మంచిదాయె."

అది వాదన కాదని ఆ దారంతా చెప్పాను. మేక ఈనడానికీ ఎనిమిదుల జతకూ సంబంధం లేదని ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు చెప్పాను. మేక పాలు కాచిన ప్రతి పొద్దూ ఆమె గ్లాసు నా చేతికిచ్చి "ఎనిమిదులు" అనేది. నేను తాగేవాణ్ణి, ఒప్పుకునేవాణ్ణి కాదు.