గరువు తాగని నీళ్లు

ఈ ఉదయం అరసవల్లిలో మా మేడ మీద కరివేపాకు కుండీకి చెంబెడు నీళ్లు పోశాను. లోపలికి దిగలేదు. మట్టి మీద పళ్లెంలో పోసినట్టు నిలబడి, కాసేపటికి అంచు దాటి నా కాళ్ల మీదికే వచ్చాయి. "మట్టి బిగిసిపోయింది, గుల్ల చెయ్యండి" అని మా ఆవిడ తేలిగ్గా చెప్పి కిందికి దిగిపోయింది. నేను మాత్రం ఆ మట్టిని వేలితో పొడుస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క మొగుడు. చీపురుపల్లి అవతల ఆయనకి ఎకరమున్నర గరువు ఉంది. గరువంటే మెరక నేల, ఎర్ర ఇసుక మట్టి, వాన తప్ప వేరే దిక్కు లేనిది. తొలకరి పడ్డ మర్నాడు బావ అందరికంటే ముందు అక్కడికెళ్లి, చిన్న గొయ్యి తీసి, బోర్లా పడుకుని అందులో చెయ్యి పెట్టేవాడు. తడి ఎంత లోతు దిగిందో ఆ చెయ్యే చెప్పాలి. మణికట్టు దాకా అయితే ఆ రోజు నాగలి కట్టడు. మోచేతి దాకా దిగితేనే వేరుశెనగ విత్తు. ఈలోగా విత్తడానికొచ్చిన ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని, "ఏటి బావా, నిద్దరట్టేసినాదా?" అని ఆటపట్టించేవారు. ఒకసారి నన్నూ పడుకోబెట్టాడు. ఇస్త్రీ చొక్కా పాడైపోయిందని నేను గోల పెడితే, "సొక్కా ఉతుక్కోవచ్చు. లోపల సల్లదనం సూడు" అన్నాడు. నిజంగానే చల్లగా ఉంది. ఆ నీరే మట్టిలో నెమ్మదిగా కిందికి జారి, నెల తిరిగేసరికి పల్లంలో ఉన్న తమ నూతిలో ఊరుతుందని కూడా ఆయనే చెప్పాడు.

తరవాత బోరు పడింది. అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. ఆఫీసులో కుర్చీ ఉన్నవాణ్ని, ఊరుకుంటానా? "ఇంకా ఆ సెనక్కాయలేటి బావా, దమ్ము పట్టించి వరి ఎయ్యి" అన్నాను. గరువులో నీళ్లు నిలవవని ఆయన గొణిగాడు. నిలబెట్టడానికే కదా మట్టిని నీళ్లతో బురదగా తొక్కించే ఆ దమ్ము అని వాదించి నేనే గెలిచాను. నాలుగేళ్లు ట్రాక్టరు ఇనప చక్రాలు ఆ బురదని తొక్కాయి. సన్నటి బంకమట్టి అంతా కిందికి దిగి, జానెడు లోతున అరుగులా గట్టిపడింది. అయిదో ఏడు బోరు ఎండింది. మళ్లీ వేరుశెనగ వేస్తే, వాన పడినన్నాళ్లూ వేళ్లు కుళ్లాయి, ఆగిన నాలుగు రోజులకే మిగిలిన మొక్కలు వాడిపోయాయి. నూతిలో అడుగు కనిపించడం మొదలైంది. ట్రాక్టరుతో లోతు దుక్కి చేయించాడు గానీ, రెండు పెద్ద వానలకి అదీ మళ్లీ మూసుకుపోయింది.

కిందటి నెల ముసురు వెలిసిన రోజున వెళ్లాను. చుట్టుపక్కల గరువుల్లో నీలగిరి మొక్కలు పెట్టేశారు, ఇక అక్కడ తిండిగింజ పండదు. బావ పైమట్టి తీసి కింది పొర మీద గునపం వేశాడు. ఠంగుమంది. ఎలాగో చిన్న గొయ్యి చేసి బకెట్టు నీళ్లు పోశాడు. "పొద్దోలేలోగా ఇంకితే సెనక్కాయ ఏస్తాను. నేదంటే నీలగిరే" అన్నాడు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నేను మాటిమాటికీ లేచి చూస్తుంటే, "కూకోరా, నువ్వు సూస్తే సిగ్గు పడతాది" అని నవ్వాడు. అక్క అన్నానికి పిలవడానికొచ్చి, గోతిలోకి తొంగి చూసి, "సల్లారిపోతన్నాది, రండి" అని మాత్రం అంది. మేం లేవలేదు. పొద్దు వాలింది, నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. "నా వల్లే కదా బావా" అన్నాను. "దున్నించింది నాను కదేటి" అన్నాడు. తిట్టినా బాగుండేది. మోకాళ్ల మీద వంగి, ఆ నీళ్లన్నీ చెంబుతో బకెట్లోకి తోడుకుని, గేదెకి పెట్టడానికి ఇంటికి మోసుకెళ్లాడు.

కుండీని గుల్ల చెయ్యడానికి నాకు పావుగంట పట్టింది. బావ గరువుని మూసెయ్యడానికి నాలుగేళ్లు చాలాయి. మళ్లీ తెరుచుకోవడానికి ఎన్నేళ్లు కావాలో తెలీదు గానీ, అన్నేళ్లు ఆయన దగ్గరా లేవు, నా దగ్గరా లేవు.