షాఫ్ట్ మీద తెల్ల గీతలు

మొన్న పార్సిప్పనీలో నా కారుకి ఆయిల్ మార్పించడానికి వెళ్తే, పక్కన లిఫ్ట్ మీదున్న పాత ట్రక్కు జాయింట్లకి ఎవరో గ్రీజు ఎక్కిస్తున్నారు. ఆ వాసనకి అక్కడ ఉండలేక బయటికొచ్చి నిలబడ్డాను. గ్రీజు వాసనొస్తే నాకు చిన్నప్పుడు మేమున్న షామ్‌బర్గ్‌లో మా గరాజ్, అమ్మ ఆఖరి దసరా గుర్తొస్తాయి.

మంచు తోసే పారలకీ, ఆవకాయ జాడీలకీ, మా సైకిళ్లకీ మధ్య అక్కడొక పాత అమెరికన్ కారు ఉండేది. వారమంతా ఆఫీస్‌లో కోడ్ రాసే నాన్న, శనివారం పొద్దున్నే లుంగీ బిగించి దాని కిందికి దూరేవాడు. దాని ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపుదాకా సోఫాలా ఉండేది, అమ్మకి ఆ సీటంటే ప్రాణం. ఆ ఏడు క్యాన్సర్ అమ్మ ఎముకల్లోకి పాకింది. ఆ సీట్లో కూర్చుని, అద్దాలు దించుకుని లేక్ దాకా వెళ్లాలని, ఆ ఒక్కటే అడిగింది. మంచు పడి రోడ్ల మీద ఉప్పు చల్లితే పాత కారు బయటికి తీయకూడదు, తుప్పు తినేస్తుంది. మళ్లీ ఎండలొచ్చేదాకా అమ్మ ఉంటుందన్న ఆశ మాకెవరికీ లేదు.

ఇంజను శక్తిని వెనక చక్రాలకి చేర్చే పొడుగాటి ఇనుప గొట్టాన్ని, అదే డ్రైవ్‌షాఫ్ట్‌ని, జాయింట్లు అరిగాయని నాన్న ఊడదీశాడు. అది రెండు ముక్కలు, పళ్లలో పళ్లు ఇరికించి కలపాలి. ఒక్క పన్ను తప్పినా రెండు చివర్ల జాయింట్లు ఒక వరసలో ఉండవు, కారు వణుకుతుంది. అందుకే విడదీసేముందు రెండిటి మీదా తెల్ల పెయింట్‌తో గీతలు గీసి, "ఇవి రెండూ కలవాలి, అంతే" అని నాకు చూపించాడు.

దసరా రోజు పక్కింటి పిల్లలతో మేపుల్ ఆకుల కుప్పల్లో దూకి ఇంటికొచ్చేసరికి పులిహోర పోపు, గారెలు వేగుతున్న నూనె వాసన వీధిలోకే వస్తోంది. ఆయుధపూజకి అమ్మ దేన్నీ మురికిగా ఉంచేది కాదు, చివరికి మా లాప్‌టాప్‌లకి కూడా బొట్టు తప్పేది కాదు. నాన్న షాపుకెళ్లి వచ్చేలోగా, తలకి స్కార్ఫ్ కట్టుకుని గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని, షాఫ్ట్ ముక్కలు రెండింటినీ పెయింట్ థిన్నర్‌తో తళతళలాడేలా తుడిచి, పసుపు రాసి కుంకుమ పెట్టింది. గీతలు పోయాయి. నేను నోరు తెరవబోతే, అప్పుడే వచ్చిన నాన్న నా భుజం నొక్కి, "భలే మెరుస్తున్నాయే!" అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది.

ఆయన కంటి అంచనాతోనే బిగించాడు. పూజ చేసిన బండి మొదట అమ్మే ఎక్కాలని పట్టుబట్టి, వీధి చివరిదాకా కూడా తోలి చూడలేదు. టైర్ల కింద నిమ్మకాయలు మాత్రం మర్చిపోలేదు మహానుభావుడు! పట్టుచీర మీద కోటు తొడుక్కుని అమ్మ ముందు కూర్చుంది, నేను వెనక. హైవే ఎక్కి వేగం అందుకోగానే సీట్ల కింద వణుకు మొదలైంది. అమ్మ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు, రోడ్ బాలేదు."

"రోజూ ఈ రోడ్ మీదే కదండీ నేను ఆఫీస్‌కి డ్రైవ్ చేసింది." కాసేపటికి, పళ్ల బిగువున, "ఇంటికి పోదామండీ" అంది.

లేక్ ఇంకా చాలా దూరం ఉంది.

తర్వాత నాన్న తిండీ నిద్రా మాని షాఫ్ట్ విప్పుతూ, ఒక్కో పన్నూ జరిపి బిగిస్తూ, రోడ్డెక్కించి చూస్తూ ఉండిపోయాడు. చివరికి కుదిరింది. పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, "సెట్ అయింది, ఒక్క కుదుపు లేదు!" అని అరిచాడు. అప్పటికి లివింగ్ రూమ్‌లో హాస్పిటల్ మంచం వేశారు. అమ్మ "మంచిదండీ" అని కళ్లు మూసుకుంది. మొదటి మంచు పడకముందే పోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు మాది కాదు, ఆ కారు ఎవరి దగ్గరుందో తెలీదు, దసరాకి పనిముట్లు తోమేవాళ్లు మా ఇంట్లో లేరు. నాన్న మీద నాకింకా కోపమే. గీతలు పోయాయని నిజం చెప్పి ఉంటే అమ్మ ఓ పూట నొచ్చుకునేది, ఆయన తోలి చూసి సరిచేసేదాకా ఇంకో శనివారం ఆగేది. నా కారు ఎంత వేగంలోనూ వణకదు. అంత మెత్తని ప్రయాణం అమ్మకి ఒక్కటీ దక్కలేదు.