వద్దు అనడం నేర్పిన టీచరమ్మ

సోమవారం పొద్దున్న బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రంలో పనిచేసే ఆయా. హలో అనేలోపే ఏడుపు.

"అమ్మా, మన టీచరమ్మ పోనారు."

ఎక్కడికి పోయారని అడిగాను. నిజంగానే అలా అడిగాను. శనివారమే మా ఇంటికొచ్చి, మా అమ్మాయి కాళ్లకి వ్యాయామం చేయించి, స్కూటీ ఎక్కి వెళ్లిన మనిషి. నలభై కూడా నిండలేదు. "జొరమంట. ఆస్పత్రికి తీసుకెల్లీసరికే అయిపోనాదంట" అంటోంది ఆయా. గిన్నెలో బియ్యం నీళ్లతో పాటు తూములోకి జారిపోతున్నాయి. చూస్తూనే ఉన్నాను, చెయ్యి అడ్డం పెట్టాలని తోచలేదు.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె, వ్యవసాయం. మా లావణ్యకి పుట్టినప్పుడు మెదడుకి గాలి అందలేదు. కాళ్లూ చేతులూ దాని మాట వినవు, నోట మాట రాలేదు. బడిలో వేద్దామని తీసుకెళ్తే, "ఇక్కడ చూసుకునే మనిషిని ఇవ్వలేదమ్మా" అన్నారు హెడ్మాస్టరు. కసురుకోలేదు, ఉన్నమాటే చెప్పారు. నేను తిరిగొచ్చి తలుపు వేసుకున్నాను.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, టీచరమ్మ ఇల్లిల్లూ అడుగుతూ మా గుమ్మంలోకి వచ్చారు. "మా గుంటకి సదువేటీ రాదు మేడం, మీరు ఎల్లండి" అన్నాను. ఆవిడ మంచినీళ్లు అడిగి తాగారు. తాగి, కుర్చీ వదిలేసి లావణ్య పక్కన చాప మీద కూర్చున్నారు.

"నీ పేరేటి తల్లీ?"

"లావణ్యండి" అన్నాను నేను.

"మిమ్మల్ని అడగనేదమ్మా" అన్నారు నవ్వుతూ. తర్వాత చాలాసేపు దాని మొహంకేసి చూస్తూ ఊరుకున్నారు, జవాబు వస్తుందన్నట్టే.

ఆవిడ మొదట నేర్పింది అక్షరాలు కాదు, వద్దు అనడం. నేను రోజూ గంజన్నం మెత్తగా పిసికి పెట్టేదాన్ని. ఓరోజు నా చెయ్యి ఆపి, ఓ పక్క గంజన్నం, ఓ పక్క అరటిపండు పెట్టి, "ఏది వద్దు?" అని అడిగారు. పిల్ల గంజన్నం వైపు నుంచి తల తిప్పేసుకుంది. "సూసారా, ఇన్నాళ్లూ వద్దంతన్నాది. మనకే ఇనబడనేదు" అన్నారు. ఆ తల తిప్పడానికి మాట కలపడం ఎన్నో నెలల పని. ఓ శనివారం "వొద్దూ" అని వచ్చేసింది నోట్లోంచి. నేను ఏడ్చేశాను. "ఏడవకండి. వద్దనడం వస్తే, కావాలనడం దానంతటదే వస్తాది" అన్నారు.

చలికాలంలో పిల్లల్ని ముట్టుకునే ముందు అరచేతులు రుద్ది వెచ్చచేసుకునేవారు. నిలబడే అన్నం తినేవారు. మేం తల్లులం ఎవరైనా పిల్లల్ని చూసి "పాపం" అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఆ మాట ఈ గదిలో వద్దు, బయటెలాగూ అంతారు."

ఆ గదే మా కేంద్రం, హైస్కూలు వెనకాల ఉంటుంది. ఇద్దరు టీచర్లుండాలి, ఆవిడొక్కరే. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ డాక్టరు గారిని కొనసాగించే ఉత్తర్వు రాక ఆయనా మానేశారు. ఆవిడది కూడా కాంట్రాక్టు ఉద్యోగమే. ప్రతి వేసవికీ, బళ్లు తెరిచేసరికి తను ఉంటారో ఉండరో ఆవిడకే తెలిసేది కాదు. అలాంటి ఓ వేసవిలో, సిబ్బంది లేరని మా కేంద్రాన్ని పక్క మండలం కేంద్రంలో కలిపేస్తారని తెలిసింది. అక్కడికి వెళ్లాలంటే రెండు ఆటోలు మారాలి. టీచరమ్మ తల్లుల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని విజయనగరంలో అధికారి దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన మంచిగానే మాట్లాడారు. పోస్టులు లేవు, నిధులు రాలేదు, తన చేతుల్లో ఏమీ లేదన్నారు. మా లావణ్యకి బిస్కెట్టు ఇవ్వబోయారు. అది తల తిప్పేసుకుని, గదంతా వినబడేలా "వొద్దూ" అంది. అందరం నవ్వాం. టీచరమ్మ నవ్వలేదు.

"సార్, ఈ మాటొక్కటి రావడానికి ఎంత కాలం పట్టిందో ఆ తల్లినడగండి. పక్క మండలం ఎల్లమంటే వీల్లెవరూ ఎల్లలేరు. ఇల్లల్లోనే ఉండిపోతారు."

ఆయన బిస్కెట్టు పక్కన పెట్టి, బల్ల మీది ఫైలు ముందుకు లాక్కున్నారు. చివరికి, కేంద్రం ఉంచుతాను గానీ ఇంకో టీచర్ని ఇవ్వలేను, అక్కడా టీచరు లేరు, రెండు మండలాలూ ఈవిడే చూసుకోవాలన్నారు. ఆవిడ అక్కడికక్కడే సరేనన్నారు. మెట్లు దిగుతూ, "ఎలా తిరుగుతారు మేడం?" అని అడిగాను. "ఏటుందమ్మా, స్కూటీ ఉన్నాది కదా!" అన్నారు. గెలిచి వస్తున్నామనుకున్నాం అప్పుడు.

సోమవారం వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడని వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. పక్కనే ఆ స్కూటీ, దాని బుట్టలో పిల్లల రంగు బంతి. వాళ్లాయన ఎవర్నీ చూడకుండా చెబుతున్నారు. "గురువారం నుంచీ జొరమే. ఆస్పత్రికి పదమంటే ఇనదే. 'నానెల్లకపోతే ఆ గది తాలం తీసేవోలు నేరు' అంతాది."

గురువారం నుంచి! శనివారం మా పిల్ల కాలు పట్టుకున్నప్పుడు నాకు తగిలిన ఆ చేతులు వెచ్చగానే ఉన్నాయి. చలికి రుద్దుకున్నారనే అనుకున్నాను.

చంపావతి ఏటి ఒడ్డుకి పాడె కదిలింది. మా పక్క ఆడవాళ్లు శ్మశానం దారి పట్టరు. అయినా తల్లులం చక్రాల కుర్చీలు తోసుకుంటూ వెనకాలే నడిచాం. ఓ పెద్దాయన ఏదో అనబోతే, "రానియ్యి మావా" అన్నారు వాళ్లాయన. రోడ్డు దిగగానే ఇసుక. చక్రాలు దిగబడిపోయాయి, మేం వెనకబడిపోయాం. వాళ్లాయన వెనక్కి చూసి గట్టిగా కేకేశారు.

"ఒరే, ఆగండ్రా! పిల్లలొస్తన్నారు."

మోసేవాళ్లు ఆగారు. పాడె కిందికి దించకుండా, భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు, ఆఖరి కుర్చీ ఇసుకలోంచి బయటపడే దాకా.