రాజవ్వ చెప్పిన సినిమా

నిన్న బోధన్‌లో సుగుణక్క ఇంటికి వెళ్తుంటే సందులో తడిసిన బీడీల తునికాకు వాసన గుప్పుమంది. అంతే, రాజవ్వ సినిమా కళ్లముందు మొదలైంది! మా ఈడు వాళ్లూ, మీ వాడలోనూ ఇలా సినిమా చెప్పే అవ్వ ఉండేదా?

చిన్నప్పుడు మా వాడలో కొత్త సినిమా రాగానే బీడీలు చుట్టే ఆడవాళ్లంతా రాజవ్వను మ్యాట్నీకి పంపేవాళ్లు. ఆమె వంతు బీడీలు వీళ్లే చుట్టిపెట్టేవాళ్లు. మర్నాడు ఆకు, తంబాకు ఉన్న చాటలు ఒళ్లో పెట్టుకుని అందరూ కూర్చుంటే, ఆమె పాటలతో సహా సినిమా మొత్తం చెప్పేది. కత్తియుద్ధం వచ్చిందా, ఆకు కత్తిరించే కత్తెర గాల్లో తిరిగేది!

ఒకసారి కథలో మొగుడు పెళ్లాన్ని కొడతాడు. మా పక్కింటి సుగుణక్క కూడా అత్తింట్లో దెబ్బలు తిని వచ్చింది. మర్నాడే తిరిగి పంపాలని వాళ్ల బాపు బండి మాట్లాడిపెట్టాడు. అక్క చేతిలో బీడీ ఆగిపోయింది.

"ఆఖర్ల మల్ల మొగని తానికే పోయిందా, అవ్వా?"

రాజవ్వ ఆమె వంక చూసింది. "ఎందుకు పోతది? నేన్ రాను పో అని తలుపేసుకున్నది!"

తంబాకు ఎగిరిపడేలా అందరూ చాటల మీద దరువేశారు! మర్నాడు ఇంటిముందు బండి ఆగగానే సుగుణక్క తలుపేసుకుంది. "నేన్ రాను పో!" బండి ఖాళీగా వెళ్లిపోయింది.

నిన్న అక్క ఇంట్లో టీవీలో అదే సినిమా! రాజవ్వ పాడిన పాట వినగానే గుర్తుపట్టాం. ఆఖర్న హీరోయిన్ వెళ్లి మొగుడి కాళ్ల మీద పడింది. నేను నోరెళ్లబెట్టాను.

అక్క రిమోట్ అందుకుంది. "బంద్ జేస్త చెల్లే. అసలుది మనం ఎప్పుడో ఇన్నం గద!"