మా అత్త యాభై ఏండ్ల కాన్పు

మా అత్త సుక్కమ్మ అంటే దేవరకొండ చుట్టుపక్కల గొర్ల కాపర్లందరికీ ఎరుకే. యాభై ఏండ్లకు కొడుకును కన్నదని పేరు. ఆ ఆఖరి కొడుకే మా మరిది మల్లయ్య. పెండ్లిళ్లల్ల పిల్లలు లేని ఆడోళ్లను తెచ్చి ఆమె పక్కన కూసోబెడతరు, ఆమె చెయ్యి తాకితే మంచిదని. ఆమె ఏమన్న తక్కువదా? తమలపాకు నములుకుంట దర్జాగ చెయ్యి చాపుతది.

నేను ఆమె పెద్ద కోడలిని, గోపమ్మను. గా యాభై ముచ్చటంటేనే నాకు ఒళ్లు మండుతది. ఎందుకంటే నా కోడలు సుస్మిత దాన్నే నమ్ముకొని కూసున్నది.

సుస్మిత, నా కొడుకు గిరి షాద్‌నగర్ల కంపెనీ పని చేస్తరు. ముందు సొంతిల్లు, తర్వాతనే పిల్లలు అనుకున్నరు. ఇల్లు పునాది కాడనే ఆగింది గానీ వయసు ఆగుతదా? పిల్లకు ముప్పై అయిదు పడ్డయి. నిరుటి సంది ఆమెకు పిల్లల మీద మనసు పుట్టింది. నెలనెలా ఆశపడతది, నెలనెలా ఏడ్చి మొకం కడుక్కుంటది. దవాఖానకు పోండ్రా అంటే గిరిగాడు, "అవ్వ యాభైకి కన్నది గదనే, మాకింక పదిహేనేండ్లున్నయి, ఏం ఫికర్ లేదు" అని నవ్వుతడు. చెంప పగలగొట్టబుద్ధి అయితది.

మొన్న ఇంటికొచ్చినప్పుడు ఇద్దరినీ దేవరకొండల డాక్టరమ్మ దగ్గరికి గుంజుకపోయిన. మా అత్త ఊకుంటదా? "నా ముచ్చట ఆమెకు నేనే చెప్త" అని అందరికన్న ముందు ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ అన్నీ నిదానంగ చెప్పింది. "ఆడపిల్ల పుట్టినప్పుడే ఆమె అండాలన్నీ ఆమెతోని పుడతయమ్మా. కొత్తయి తయారుగావు. ముప్పై అయిదు దాటినంక జల్ది తగ్గుతయి, ఉన్నయాట్ల గూడ మంచియి తక్కువైతయి. గీ వయసుల ఆరు నెలలు చూసినా నెల తప్పకుంటే పరీక్షలకు రావాలె. ఇద్దరూ రావాలె" అని గిరి దిక్కు చూసింది. వాడు ఫ్యాను దిక్కు చూసిండు.

"మరి మా అవ్వ యాభైకి కన్నది గద మేడం?" అన్నది సుస్మిత.

డాక్టరమ్మ మా అత్త దిక్కు తిరిగింది. "నిజమేనా అవ్వా? యాభై అని ఎట్ల ఎరుక?"

"ఎట్లేంది? మా నాయిన నేను పుట్టిన కాడికెల్లి మంద ఎన్నిసార్లు ఈనిందో లెక్కపెట్టెటోడు. గదే నా వయసు. యాభయ్యోసారి గొర్లు ఈనుతాంటె నేను మల్లిగాన్ని కన్న."

"గొర్లు ఏడాదికి ఒక్కసారేనా ఈనేది?"

"ఒక్కసారైతే కాపరి బతుకుతడా బిడ్డా? రెండేండ్లకు మూడుసార్లు."

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "అంటే అప్పుడు నీకు ముప్పైమూడు అవ్వా."

వారీ! మల్లయ్యకు నలభై అయిదు గనక ఈమెకు తొంభై అయిదు అనుకొని నేను ఇన్నేండ్లు కాళ్లు పిసికిన. తీరా చూస్తే డెబ్బై ఎనిమిది! కడిగిపారేద్దామని నోరు తెరిచిన. సుస్మిత మొకం చూసి మూసుకున్న.

"ఆఖరి కాన్పు నాటికి అవ్వ నాకన్న చిన్నది" అన్నది పిల్ల. కండ్లల్లకెల్లి నీళ్లు బొటబొటా రాలినయి.

"ఏడువకు తల్లీ, గీ వయసుల కన్నోళ్లు చానమంది ఉన్నరు. ఇంక ఆగకుండ్రి అంటున్న, గంతే" అని డాక్టరమ్మ పుట్టబోయే బిడ్డకు మంచిదని, ఇప్పటిసందే రోజుకొకటి మింగమని గోలీలు రాసిచ్చింది. పరీక్షలు కింది అంతస్తులనే చేస్తరని చెప్పింది.

పరీక్షల దిక్కు పోనియ్యకుండ గిరిగాడు అందరినీ బయటికి తోలుకొచ్చిండు. ఆటో ఎక్కినమో లేదో, నసుగుడు మొదలుపెట్టిండు. "స్లాబు పడ్డంక సెలవు పెట్టి వస్తం తియ్యే అమ్మా..."

"ఓరి గిరిగా!" మా అత్త ఉరిమింది. "మన మంద ఏనాడన్న స్లాబు కింద ఈనిందారా? మీ నాయినను నేను తుమ్మచెట్టు కింద కన్న. గొర్ల లెక్క చెప్పి నేనే మీ కొంప ముంచితి గదరా!" అనుకుంట కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆమె ఏడువంగ నేనెన్నడూ చూడలే.

"అన్నా, జర ఆటో ఆపు" అన్నది సుస్మిత. దిగి, కండ్లు తుడుసుకొని మొగన్ని చూసింది. "నేను పరీక్షలకు పోతున్న. వస్తవా, స్లాబు కాడికి పోతవా?"

నా కొడుకు దిగి, ఆమెకన్న ముందు దవాఖాన దిక్కు నడిచిండు.