తొమ్మిది కుట్లు

రైలు సాప్రి దాటాక కతేనా లేచి నిలబడింది. పైనున్న సంచీ దింపబోయింది.

"పావోలాలో దిగుతాను. అక్కడ మా ఆడపడుచు ఉంది. చూసి చాలా రోజులైంది."

"నీకు ఆడపడుచే లేదు కదే," అంది అస్సుంతా. గోధుమలు, పాలవిరుగుడు వేసి కాల్చిన పండగ కేకు ఆమె ఒళ్ళో ఉంది. నేపుల్స్‌లో ఎక్కినప్పటి నుంచి దాన్ని కింద పెట్టలేదు. "కూచో. దిగావంటే ఇది నీ నెత్తిన బోర్లిస్తా."

కతేనా కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

మేం ముగ్గురం నేపుల్స్‌లో ఒకే బడిలో పనిచేసేవాళ్ళం. అస్సుంతా వంటగదిలో. నేనూ కతేనా నేల తుడవడం, గంట కొట్టడం. ఈస్టర్ సెలవులకు బడి మూసేశాక ఆ ఏడు కతేనాతో కలిసి కలాబ్రియాలో ఆమె ఊరికి బయల్దేరాం. సరదాకి పోతున్నామని అందరికీ చెప్పాం. ఆమె మమ్మల్ని అడిగింది మాత్రం వేరు. "నేను దారిలో దిగిపోకుండా చూడాలి మీరు."

కతేనా పందొమ్మిదో ఏట ట్రాము నడిపే అతన్ని చేసుకుని ఆ కొండమీది ఊరు వదిలింది. పిల్లలు కలగలేదు. భర్త పోయి పదకొండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా బడి వసారాలు తుడుస్తోంది. పిల్లలకు ఆమె అంటే భయం లేదు. అయినా ఆమె తుడిచిన తడి ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టరు. పుట్టిన ఊరితో ఆమెకు మిగిలిన సంబంధం ఒక మేనకోడలు, ఒక సూది.

ఆ ఊళ్ళో ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం పెద్దవీధికి ఆ చివర క్రీస్తు విగ్రహం ఉంటుంది. ఈ చివర నల్లముసుగులో మేరీమాత. కొడుకు లేచాడని తల్లికి ఇంకా తెలియదు. శిష్యుడు యోహాను విగ్రహాన్ని భుజాలకెత్తుకుని మోతగాళ్ళు మూడుసార్లు పరుగెత్తి ఆమెకు కబురు తెస్తారు. మూడోసారికి తల్లి నమ్ముతుంది. అప్పుడు తల్లీ కొడుకులను ఎదురెదురుగా పరుగెత్తిస్తారు. ఆ పరుగులో, పక్కనే పరుగెత్తే మనిషి లాగితే నల్లముసుగు ఊడిపడాలి. ఒక్క లాగు. అది చిక్కుకుంటే ఆ ఏడు ఊరికి మంచిది కాదు.

ముసుగును విగ్రహం మీది నీలం పైటకు కుట్టేది ఒకప్పుడు కతేనా తల్లి, ఆమె తర్వాత ఏటా ఈస్టర్‌కి ఊరెళ్ళి కతేనా. తొమ్మిది కుట్లు. ఒంటిపేట దారం. చివర ముడి ఉండదు. లాగేది సవేరియో. అతను చెట్లకు అంట్లు కట్టి బతికేవాడు. లాగినా, అంటు కట్టినా సవేరియో హస్తవాసి మంచిదని ఊరంతా అనేది.

అంతకుముందు ఏడాది ముసుగు ఊడలేదు. సవేరియో మూడుసార్లు లాగాడు. విగ్రహం ఒరిగింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. జూన్‌లో వడగళ్ళు పడి ఆలివ్ పూత మొత్తం రాలింది. ఎవరూ సవేరియోను ఏమీ అనలేదు. మళ్ళీ వసంతం వచ్చేసరికి ఒక్కరూ అతన్ని అంటు కట్టడానికి పిలవలేదు.

ఈ సంగతి మార్చిలో మేనకోడలు రొసాల్బా కతేనాకు ఫోన్లో చెప్పింది. ఆరోజు కతేనా చీపుళ్ళ గదిలోకి మమ్మల్ని పిలిచి తలుపు వేసింది.

"కుట్లు పదమూడు," అంది.

మాకు అర్థం కాలేదు.

"నిరుడు పండగ ముందు శనివారం గాలి మొదలైంది. ముసుగు ముందే ఎగిరిపోతుందని భయమేసింది. ఇంకో నాలుగు వేశాను. ఆదివారం సాయంత్రం ముసుగు తీస్తుంటే కనబడ్డాయి. తొమ్మిది తెగాయి. నాలుగు తెగలేదు. కత్తిరించి పొయ్యిలో వేశాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఇప్పుడు చెబుతున్నా కదా."

"మాకు చెబితే ఏం లాభమే, చీపుళ్ళకి చెప్పినట్టు," అంది అస్సుంతా.

"అందుకే ఊరికి పోయి చెబుతాను. సూది తీసేసుకుంటారు. తీసుకోనీ."

శనివారం ఉదయం పండగ జరిపే సంఘం వాళ్ళు చర్చి పక్కగదిలో కూర్చున్నారు. మోతగాళ్ళను జతలు కట్టే రోజు అది. ఇరవైమంది మగవాళ్ళు, బెంచీలు, కొవ్వొత్తుల వాసన. మేమిద్దరం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. సవేరియో తలుపు దగ్గర ఉన్నాడు. అతన్ని పిలిచిన మాట నిజమే. ఈ ఏడు లాగేది అతను కాదని మెల్లగా చెప్పడానికి పిలిచారు.

సంఘం పెద్ద దొమేనికో అనే మందులషాపు ముసలాయన. కతేనా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. చీపుళ్ళ గదిలో చెప్పిన మాటలే చెప్పింది. ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

గదిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"కతేనమ్మా, ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" అన్నాడు దొమేనికో. "అందరూ మర్చిపోయారు."

"మర్చిపోతే అంటు కట్టడానికి ఎవరు పిలిచారు బాబాయ్, ఈయన్ని? మీ నారింజలకి ఎవరొచ్చారు?"

దొమేనికో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నారింజలకు పక్క ఊరి మనిషి వచ్చాడు.

సవేరియో తలుపు దగ్గరే ఉండి అడిగాడు. "నాలుగా?"

"నాలుగు."

"ఎప్పుడు చూశావు?"

"ఆ సాయంత్రమే."

అతను నేలను చూస్తూ అన్నాడు. "పెరట్లో అత్తిచెట్టుకి దుప్పటి కట్టి లాగుతున్నా, కతేనా. రోజూ. ఏడాది నుంచి. మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది. నా చెయ్యే పోయిందనుకున్నా నేను."

"చెయ్యి పోలేదు."

"అది నువ్వు నిరుడు చెప్పాల్సిన మాట."

"అవును," అంది కతేనా. క్షమించమని అడగలేదు. అడగనని రైల్లోనే మాతో అంది. అడిగితే అతను సరేనని అనాల్సి వస్తుంది, ఆ బరువు కూడా అతని మీద పెట్టడం ఎందుకంది.

అప్పుడు ఒకతను లేచి, ఇంక దారాలూ సూదులూ వద్దు, నొక్కుడు గుండీలు పెట్టేద్దాం అన్నాడు. సవేరియో అతనివైపు తిరిగాడు.

"నేను మేరీమాత ముసుగు లాగుతాను. నీ చొక్కా విప్పను."

ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తేలిపోయింది, లాగేది అతనేనని. నవ్వు ఆగాక దొమేనికో కతేనాతో, సూది రొసాల్బాకు ఇవ్వమన్నాడు. కతేనా మెడలోంచి సూదుల బరిణె తీసి బల్లమీద పెట్టింది. బయటికి వచ్చాక చర్చి మెట్ల మీద కూర్చుని, లేవడానికి నా భుజం పట్టుకుంది.

మధ్యాహ్నం రొసాల్బా కుట్టింది. కతేనా పక్కనే నిలబడింది కానీ గుడ్డ ముట్టలేదు. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. సముద్రం మీంచి గాలి లేచింది.

"అత్తా, పది వెయ్యనా? గాలి చూడు."

"తొమ్మిది."

"ఎగిరిపోతే?"

"నేనూ అదే అనుకున్నా."

రొసాల్బా తొమ్మిదో కుట్టు వేసి దారం తెంపింది.

ఆదివారం గాలి ఇంకా పెరిగింది. పెద్దవీధి రెండు పక్కలా జనం. యోహాను మొదటిసారి పరుగెత్తాడు. రెండోసారి పరుగెత్తుతుంటే ముసుగు ఎడమ అంచు లేచింది. ఒక కుట్టు తెగిన చప్పుడు విన్నానని అస్సుంతా ఇప్పటికీ అంటుంది. అంత జనంలో వినబడే చప్పుడు కాదది. మా ముందున్న ముసలామె సిలువ గుర్తు వేసుకుంది. రొసాల్బా కతేనా చేతిని పట్టుకుని గోళ్ళు దించింది. కతేనా చూపు విగ్రహం మీద లేదు. సవేరియోను చూస్తోంది.

మూడోసారి. మేరీమాత కదిలింది. మోతగాళ్ళు పరుగందుకున్నారు. సవేరియో పక్కన పరుగెత్తుతున్నాడు, అరవై రెండేళ్ళ మనిషి, నోరు తెరుచుకుని. అంచు మళ్ళీ లేచింది. అతను దానివైపు చూడలేదు. లాగాల్సిన చోటు వచ్చేదాకా ఆగాడు. లాగాడు.

ఒక్క లాగు. నల్లగుడ్డ అతని చేతిలో ఉంది. నీలం పైట ఎండలో ఉంది. బాణసంచా పేలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తూ ఒకరినొకరు ముద్దు పెట్టుకున్నారు. ముసుగును సవేరియో రొసాల్బాకు ఇచ్చాడు. కతేనా పక్కనే ఉంది. అతను ఆమెను పలకరించలేదు.

"ఎంత పొగరో చూడు," అంది అస్సుంతా.

"నోరు మూసుకో," అంది కతేనా. "భోజనానికి పదండి."

మంగళవారం ఉదయం బస్సు కోసం నిలబడ్డాం. పైవీధి నుంచి ఇద్దరు దిగి వస్తున్నారు. ముందు తడిగుడ్డలో చుట్టిన అంటుపుల్లల కట్టతో దొమేనికో అల్లుడు. వెనక సవేరియో, నడుముకి కత్తి, భుజాన నారచుట్ట. మా దగ్గరికి వచ్చేసరికి అతని నడక నెమ్మదించింది.

"సవేరియో," అంది కతేనా.

"పనికి పోతున్నా," అన్నాడు. ఆగకుండా వెళ్ళాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. బస్సు వచ్చింది. మాకంటే ముందు తనే ఎక్కింది.