ప్రార్థనలో జారిన మీటలు

తొంభైల చివర్లో క్రిస్మస్ పాటల క్యాసెట్ చేయించడానికి నగరం అనే మా పల్లెటూరి నుంచి మా చర్చి వాళ్ళం తెనాలి వెళ్ళాం. నేను సంఘపెద్దను. అక్షరాలు పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను, నోటిదురుసు మాత్రం పుట్టుకతోనే ఉంది.

కొత్తగా స్టూడియో పెట్టినతనికి మాదే మొదటి బేరం. వాయిద్యాలన్నీ కంప్యూటర్లో ముందే నింపాడు. పక్కనున్న పెట్టె మీద వరసగా మీటలున్నాయి. పైకి జరిపితే శబ్దం పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఏ పనికైనా ముందు చేతులుంచి ప్రార్థించడం మా అలవాటు. ఆ పెట్టె మీద రెండు చేతులూ ఆనించి ప్రార్థించాను.

తర్వాత పాట పెడితే చప్పుడే లేదు. అతను చెమటలు కక్కుతూ కంప్యూటరంతా వెతికాడు.

"పెట్టెను పాటల ప్రోగ్రాముకు కలిపే వైరు కంప్యూటర్ లోపలుంటుంది బాబాయిగారూ. నిజం వైరు కాదండి, అదీ ఒక ప్రోగ్రామే, కంటికి కనపడదు. అదే తెగినట్టుంది."

"కనపడని వైరేంటయ్యా? పని రాదని చెప్పు. లేవండమ్మా, ఇంకోచోటికి పోదాం," అన్నాను.

అందరూ లేచారు. అతని మొహం పాలిపోయింది.

అప్పుడు మా తమ్ముడి కూతురు పెట్టె వంక చూసింది. "మీటలన్నీ కిందికున్నాయేంటి? పెదనాన్నా, ప్రార్థనలో మీ చేతులే వీటిని జార్చాయి. నేను చూశాను."

"ప్రార్థనలో కళ్ళెందుకు తెరిచావే?" అన్నాను.

అందరూ నవ్వారు, అతను తప్ప. మీటలు పైకి జరిపాడు. సంగీతం వచ్చింది. "మొదలుపెడదామా అండి?" అన్నాడంతే.

తిట్టినా బాగుండేది. కనపడని దేవుణ్ణి ప్రార్థించిన నోటితోనే అతన్ని అంత మాటన్నాను. అందరూ పాడుతుంటే సిగ్గుతో పెదాలు మాత్రం కదిపాను. ఆ క్యాసెట్లో నా గొంతు లేదు.